మోకాలికి మంచి రోజు

"ఈ గురువారం కుదరదు" అన్నాడాయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. "ఎర్ర గుర్తు ఉంది."

గోడ పట్టుకుని వంటగదిలోంచి వస్తున్న భార్య ఉన్నచోటే ఆగిపోయింది. ఆమె మోకాలి ఆపరేషన్ వాయిదా పడటం ఇది నాలుగోసారి.

ఆయన ఫ్యాక్టరీలో టైంకీపర్‌గా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు గేటు దగ్గర కూర్చుని, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్ల పక్కన ఎర్రసిరాతో గుర్తు పెట్టాడు. రిటైరయ్యాక ఏమీ తోచక పెట్టుబడుల్లోకి దిగాడు. అప్పుడు ఇంటర్నెట్‌లో ఒక ఆర్థిక క్యాలెండర్ కంటబడింది. ఏ రోజు, ఏ గంటకు, ఏ లెక్క బయటికొస్తుందో అందులో వరసగా ఉంటుంది. ప్రతి లెక్క పక్కనా మూడు గడులు: పోయినసారి ఎంత, ఈసారి నిపుణుల అంచనా ఎంత, చివరికి తేలింది ఎంత. మార్కెట్‌ను కుదిపేసే లెక్కలకు ఎర్ర గుర్తు. పోయిన రిజిస్టరు మళ్లీ చేతికొచ్చినట్టు ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

ప్రాణం మీదికొచ్చింది మాత్రం భార్యకి. మొదటిసారి ఆమె ఆపరేషన్ వడ్డీ రేట్ల సమావేశం వల్ల ఆగింది. రెండోసారి ధరల లెక్క వల్ల. మూడోసారి, సముద్రానికి అవతల ఏదో దేశంలో కొత్తగా ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో తేలాల్సి వచ్చింది. వాళ్లకి ఉద్యోగాలైతే వచ్చాయి గానీ, ఈవిడకు మేడ మెట్లెక్కే యోగం రాలేదు. పడకగది మేడ మీద. ఆర్నెల్లుగా ఆవిడ హాల్లో సోఫా మీదే పడుకుంటోంది.

డాక్టరు రెండు మోకాళ్లూ మార్చాలన్నాడు. ముందు కుడిది, నాలుగు నెలలాగి ఎడమది. డబ్బు లేక కాదు. ఆపరేషన్‌కని దాచిన డిపాజిట్ గడువు తీరి బ్యాంకులో సిద్ధంగా ఉంది. దాన్ని ముందు మార్కెట్లో ఒక తిప్పు తిప్పి, ఆ లాభంతో ఆపరేషన్ చేయించాలని ఆయన పంతం.

"ధరలు ఎంత పెరిగాయో ఆ లెక్క గురువారం వస్తుంది. నిపుణులు నాలుగు శాతం అంటున్నారు. అంటే పోయినసారి కన్నా తగ్గినట్టే. బుధవారం మొత్తం పెట్టేస్తే, గురువారం మార్కెట్ ఎగిరి గంతేస్తుంది. ఆ తర్వాత నువ్వూ గంతెయ్యొచ్చు" అన్నాడు.

భార్య గోడ పట్టుకుని సోఫా వైపు నడిచింది.

ఆదివారం కూతురూ అల్లుడూ వచ్చారు. అల్లుడిది ఏదో కంపెనీలో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని అంకెలు కొట్టే ఉద్యోగం. దాని మీద మామగారికి పెద్ద గౌరవం లేదు. కంపెనీ పేరైనా ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

"మావయ్యగారూ, ఆ అంచనాల్ని మరీ అంతగా నమ్మకండి" అన్నాడు అల్లుడు మెల్లగా. "వాటిని వేసేదీ మనలాంటి మనుషులే."

"మనలాంటి మనుషులా! నిపుణులయ్యా వాళ్లు! అంకెలు కొట్టడం వేరు, అంకెలు చదవడం వేరు."

భోజనాలయ్యాక అల్లుడు వంటగదిలో అత్తగారికి గిన్నెలు తుడిచిపెడుతూ చాలాసేపు ఉండిపోయాడు. అంకెల మీద శ్రద్ధ లేనివాడికి ఆ గిన్నెలే గతి అనుకున్నాడు మామగారు.

మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ క్యాలెండర్ తెరిచాడు. ధరల లెక్క పక్కన, అంచనా గడిలో నాలుగు లేదు. ఆరున్నర ఉంది.

"కొంప మునిగింది!"

"ఏమైందండీ?" అంది భార్య సోఫాలోంచి.

"ధరలు మండిపోబోతున్నాయి. మార్కెట్ మట్టి కరుస్తుంది!"

ఎందుకైనా మంచిదని ఇంకో క్యాలెండర్ తెరిచి చూశాడు. అందులో ఇంకా నాలుగే ఉంది. పాపం, వీళ్లకింకా తెలిసినట్టు లేదని జాలిపడ్డాడు.

"అయితే డబ్బు బ్యాంకులోనే ఉంచేద్దామా?" అంది భార్య అమాయకంగా.

"ఉంచితే విలువ కరిగిపోదూ! ఇలాంటప్పుడు కావాల్సినవేవో పాత రేటుకే కొనిపడెయ్యాలి."

"మనకేం కావాలి? ఇంట్లో అన్నీ ఉన్నాయి." ఆవిడ మోకాలు నిమురుకుంది. "ఈ లెక్కన హాస్పిటల్ వాళ్లూ పెంచేస్తారేమో."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కళ్లు మెరిశాయి.

"పాత రేటుకే మోకాలు! ఈ ఊళ్లో ఒక్కడికైనా తట్టిందా ఈ ఆలోచన?"

"మీకు తప్ప ఎవరికి తడుతుంది!" అంది భార్య.

అరగంటలో హాస్పిటల్‌కి ఫోన్ వెళ్లింది. బుధవారం పొద్దున ఖాళీ ఉందన్నారు. మధ్యాహ్నానికల్లా డబ్బు కట్టేసి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని, మార్కెట్‌ను మించిన మొనగాడిలా ఇంటికొచ్చాడు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. బుధవారం సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చుని, బీపీ చూడటానికి వచ్చిన నర్సుకు ఆర్థిక క్యాలెండర్ ఎలా చూడాలో నేర్పుతున్నాడు. మీ ఆవిడ నడిచేది కాలితోనా, క్యాలెండర్‌తోనా అని ఆమె అడగలేదు. మందుల చీటీ చేతిలో పెట్టి కింద షాపుకి పంపించింది. తనూ పక్క గదిలోకి వెళ్లింది.

ఆయన అడుగుల చప్పుడు వినబడినంతసేపూ భార్య కళ్లు మూసుకునే ఉంది. మేడ మీది గది, కిటికీ పక్కన తన మంచం గుర్తొచ్చి ఆ మూసిన కళ్లే చెమ్మగిల్లాయి. లిఫ్టు తలుపు పడిన చప్పుడయ్యాక, దిండు కింద నుంచి ఫోన్ తీసింది.

"అల్లుడుగారూ, కుడి మోకాలు అయిపోయింది, ఇక క్యాలెండర్‌లో మీరు పెట్టిన ఆ ఆరున్నర తీసేసి మళ్లీ నాలుగు పెట్టెయ్యండి, ఎడమ మోకాలప్పుడు ఎంత పెట్టాలో నేను చెప్తాను."