సాక పోయని సీసా

"పెద్ద గ్లాసులు వద్దు బిడ్డా, గా చిన్నయి తే" అంది ఇంద్రమ్మ, బీరువాలో చీరల వెనక్కి చెయ్యి పోనిచ్చి. "సప్పుడు చెయ్యకు, శ్వేత లేస్తది. పాలు తెల్లగున్నయని అలిగి ఇప్పుడే పండింది."

నవత నిద్రపోతున్న కూతురిని దాటుకెళ్ళి గ్లాసులు తెచ్చేసరికి అత్తగారు నల్లటి సీసాను ఒళ్ళో పెట్టుకుని మంచమ్మీద కూర్చునుంది. దాని మీద బంగారు రంగు అక్షరాలు. ఇరవై రోజుల కిందట దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన పెద్ద కొడుకు మనోహర్ తెచ్చిన సీసా అది. "చాక్లెట్, మీగడ, మందు కలిపి చేస్తరమ్మా. నీ కోసమే" అని చేతిలో పెట్టాడు. మామ మల్లేశం మూత తీసి వాసన చూసి, "పాలల్ల మందేంది, మందుల పాలేంది!" అని పక్కన పెట్టేశాడు. ఆయన లెక్కలో కల్లు తప్ప మిగతావన్నీ దగ్గు మందులే.

"ఇప్పుడా అత్తమ్మా? పట్టపగలా?"

"ఇప్పుడే. మీ మామ సాంచల కాడికెల్లి వచ్చేసరికి నాలుగైతది."

నవతకు తాగాలని లేదు. పొద్దున్నుంచీ అన్నమే సయించలేదు. సిరిసిల్ల శివార్లలోని బట్టల ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కాలను తనిఖీ చేసే ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఇవాళ శనివారం. డిగ్రీ పట్టాను ఆరేళ్ళుగా ట్రంకు పెట్టెలో దాచుకున్న మనిషికి ఇది తొలి పిలుపు. మామ వద్దన్నాడు. "ఎనిమిది సాంచలు నడిచే ఇంటి కోడలు ఒకల కింద పనికి పోవుడా?" అన్నాడు. భర్త నరేశ్ "నాయిన ఎట్లంటె గట్ల" అని ఆ మరమగ్గాల మోతలో దూరిపోయాడు. అత్తగారేమో ముప్పై అయిదేళ్ళలో ఒక్కసారి కూడా మామ మాటకు ఎదురాడిన మనిషి కాదు.

పైగా ఆ ఇంట్లో ఒక రివాజు ఉంది. తాగిన మనిషి ఏమన్నా వాదన పెట్టుకోకూడదు. అన్న మాట మర్నాడు మారకూడదు. ఆదివారాలు కల్లు తాగొచ్చే మామ పెట్టిన రివాజే. అలా ఒక ఆదివారం ఆడబిడ్డ సుజాత పెళ్ళి ఖాయమైంది, ఇంకో ఆదివారం వాకిట్లో జామచెట్టు నేలకూలింది.

మూత తియ్యగానే కమ్మటి వాసన, దాని వెనకాల సన్నటి ఘాటు. గోధుమరంగు ధార చిక్కగా గ్లాసుల్లోకి దిగింది. ఇంద్రమ్మ గ్లాసును నేరుగా పెదవికి ఆనించుకుంది.

నవత ఆశ్చర్యపోయింది. కల్లయినా, బోనాల నాటి బీరయినా, అత్తగారు ముందు వేలు ముంచి పోచమ్మకు మూడు చుక్కలు నేల మీద విడవాల్సిందే. ఆ సాక పోయందే ఆమె గుక్క మింగదు.

"సాక మరిసినవ్ అత్తమ్మా."

"ఫారిన్‌ది బిడ్డా. పోచమ్మకు అలవాటుండది."

నవత చిన్న గుక్క వేసింది. చల్లగా, తియ్యగా నాలుకను పట్టుకుంది. ఎక్కడో ఎరిగిన రుచే అనిపించింది గాని, సీసా మీది బంగారు అక్షరాలు చూసి నాలుక మర్యాదగా సర్దుకుంది.

"మందు లెక్కనే లేదత్తమ్మా."

"దొంగది. మెల్లగ ఎక్కుతది. నోట్లె ఆపి మింగు."

రెండో గ్లాసుకు నవత చెవులు వెచ్చబడ్డాయి. మూడో గ్లాసుకు కారణం లేకుండా నవ్వొచ్చింది. ఇంద్రమ్మ కొంగు జారింది, గొంతు పెరిగింది.

"ముప్పై అయిదేండ్ల సంది నూలు కండెలు సుడుతున్న. నీకు ఐతారం సెలవిస్తరటనా?"

"ఇస్తరత్తమ్మా."

"అబ్బో! మరి గసొంటి కొలువు ఇడిసిపెడ్తరా?"

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వుతుండగా గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"ఏమే, చాయ్..." అంటూ వచ్చిన మల్లేశం అక్కడే ఆగిపోయాడు.

"మల్లేశం!" అంది ఇంద్రమ్మ. "గిటు రా. కూసో."

పెళ్ళయ్యాక భార్య నోట తన పేరు వినడం ఆయనకు అదే మొదటిసారి. కూర్చున్నాడు.

"సోమారం సంది నవత కొలువుకు పోతది. పోరిని నేను సూసుకుంట. పొద్దుగాల నువ్వే బండి మీద దించి రావాలె."

"ఏం మాటలే గవి? తాగినవా?"

"తాగిన. ఏం, వాదన వెట్టుకుంటవా?"

మల్లేశం సీసా అందుకుని మూతి దగ్గర వాసన చూశాడు. కోడలి వైపు చూశాడు.

"నేను మంచిగనే ఉన్న మామా" అంది నవత, గోడ పట్టుకుని.

ఆయన నోరు తెరిచాడు. తన రివాజు గుర్తొచ్చి మూసుకున్నాడు. సీసా పక్కన పెట్టి అన్నాడు: "హెల్మెట్ ఒక్కటే ఉన్నది."

"ఇంకోటి కొను."

చీకటి పడేలోపు కొత్త హెల్మెట్ ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున మల్లేశం వాకిట్లో కూర్చుని దాన్ని బట్టతో తుడుస్తున్నాడు. ఇంద్రమ్మ ఏమీ ఎరగనట్టు కండెలు చుడుతోంది. నవత తల పట్టుకుని, మత్తు దిగకపోతుందా అని రెండో గ్లాసు నిమ్మరసం తాగుతోంది. ఒక భయం మాత్రం ఆమెను వదలడం లేదు. అత్తగారి పక్కన చేరి గుసగుసగా అడిగింది.

"అత్తమ్మా, నిన్న సాక పోయకపోతిమి. పోచమ్మకు కోపమచ్చి రేపు కొలువు కాడ ఏమన్న అడ్డం పడితే? సీసల అడుగు బొడుగుంటే ఇప్పుడన్న రెండు సుక్కలు ఇడుద్దామా?"

ఇంద్రమ్మ వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అసలుది పోయినవారమే సాక పోసి తాగిన బిడ్డా, నిన్నటి బూస్టుకు సాకేంది?"