మొలతాడు

సంచి మళ్ళీ ఊడింది.

జగన్నాథరావు పొట్టమీద తువ్వాలు లాక్కుని గోడవైపు తిరిగాడు. తణుకు దగ్గర పదిమందికి మంచీచెడూ చెప్పే రైతు. పేగు కేన్సరుకి ఆపరేషన్ చేసి, మలం పోవడానికి పొట్టమీదే దారి పెట్టి, దానికో సంచి అంటించారు రాజమండ్రి డాక్టర్లు. ఆ దారి చుట్టూ చర్మం ఒరుసుకుపోయి పుండైంది. పుండుమీద సంచి నిలవదు. సంచి నిలవకపోతే పుండు మానదు.

"అది మానితేనే తర్వాతి కీమో," అని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

వాసనొస్తోందని వార్డులో మిగతావాళ్ళు గొడవపెడితే మంచం వరండాలోకి మార్చారు. భార్య రామతులసి తలొంచుకుని తుడుస్తోంది. దారినపోయే వాళ్ళందరూ చూస్తున్నట్టే ఉంది ఆమెకి.

ఒకావిడ ఆగనే ఆగింది. తలమీంచి కొంగు. బొట్టులేని నుదురు. బోసి మెడ.

"అమ్మగారూ, ఆ మొలతాడు తీసెయ్యండి," అంది బొంగురు గొంతుతో. "సంచి అంచుని అదే లేపేస్తందండి. నేను కూడా..."

రామతులసి చేతిలో గుడ్డ కింద పెట్టేసింది. పుష్కరాల్లో కొని, భర్త ఆయుష్షుకి మొక్కుకుని కట్టిన తాడు అది. శవానికి తెంపుతారు గాని, బతికున్న మగాడికి ఎవరైనా తీస్తారా?

"నువ్వు పోగొట్టుకున్నావని నన్నూ పోగొట్టుకోమంటావా?" అని లేచింది. "పొద్దున్నే ముండమొహం వేసుకుని ఎదురురావడమే కాక, మా ఆయన మొలతాడు మీద పడ్డావా? పో ఇక్కణ్ణించి!"

వరండా అంతా తిరిగి చూసింది.

ఆవిడ కొంగు ముందుకు లాక్కుని వెళ్ళిపోయింది.

"ఎందుకే అంతేసి మాటలు?" అన్నాడు జగన్నాథరావు.

"మీకు తెలీదు, ఊరుకోండి."

పుండు ఇంకా పెద్దదైంది. కొత్తగా డ్యూటీకి వచ్చిన నర్సు చూడగానే విసుక్కుంది.

"ఈ తాడేంటండి? తియ్యమని ఎవరూ చెప్పలేదా మీకు?"

రామతులసి తాడుని చేత్తో పట్టుకుంది.

"తియ్యవే," అన్నాడు జగన్నాథరావు నీరసంగా. "నా ప్రాణం తాడులో ఉందా?"

ఆమె కళ్ళు మూసుకుని కత్తెర వేసింది.

పిడుగేమీ పడలేదు. సంచి నిలిచింది. వారం తిరిగేసరికి చర్మం ఆరింది. కీమో ఎక్కించారు.

అప్పుడు మొదలైంది రామతులసికి. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఊళ్ళో కోడళ్ళందరికీ బుద్ధులు చెప్పే మనిషి. తను అన్న మాటలు గుర్తొస్తే తల కొట్టేసినట్టు ఉండేది. వాటిని విన్న భర్త మొహం చూడాలన్నా సిగ్గేసేది. ఆవిడ చేతులు పట్టుకుని తప్పయిపోయిందని చెప్పుకుంటే తప్ప అన్నం సయించేలా లేదు.

"తల కప్పుకుని తిరుగుతుంది, గొంతు బొంగురు. పాపం, మొగుడు లేనావిడ. ఎక్కడుంది?" అని ఆయా వీరవేణిని అడిగింది.

"బొంగురు గొంతా? అప్పాయమ్మేమోనండి. వెనక గేటు దగ్గరుంది. తొరగా ఎళ్ళండి, బండొచ్చేసింది."

ఇంటికి వెళ్ళిపోతోంది కాబోలని రామతులసి పరుగెత్తింది.

వ్యాను పక్కన స్ట్రెచరు మీద పడుకోబెట్టారు ఊపిరి లేని అప్పాయమ్మని. కొంగు లేని తలమీద ఒక్క వెంట్రుక లేదు. పాదాలకి ఎవరో పసుపు రాశారు. నుదుట రూపాయికాసంత కుంకుమ పెట్టారు.

ఒక ముసలాయన, యానాం అవతల చేపలు పట్టుకునే సత్తియ్యట అన్నారు పక్కనెవరో, చొక్కా జేబులోంచి పసుపుతాడు తీసి, ఆ మెడలో కట్టడానికి అవస్థపడుతున్నాడు. ముడి పడటం లేదు.

రామతులసి స్ట్రెచరు దగ్గరికి వచ్చింది. "మీరు... ఈవిడకి...?"

"గొంతులో కేన్సరుకి కరెంటు, అదే రేడియేసను, పెట్టినన్నాళ్ళూ బొట్టూ తాడూ తగలకూడదన్నారండి," అన్నాడాయన తలెత్తకుండానే. "నువ్వుండగా తాడుదేముందిలే అని, నవ్వుతా తనే ఇప్పి నా చేతికిచ్చిందండి."