కోసేసిన నిమిషం

యాకూబ్ ఆ డిస్కును రెండు చేతులా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

కామారెడ్డిలో ఆ ఉదయం అరవింద్ ఇల్లు సర్దుతున్నాడు. పాత రేడియో, టేప్‌రికార్డరు, డిస్కు ప్లేయరు, డిస్కుల డబ్బా అన్నీ బయట పెట్టాడు. ఎల్లారెడ్డి నుంచి పాత సామాన్ల కోసం వచ్చిన ఆ ముసలాయన మాత్రం ఈ ఒక్క డిస్కు దగ్గరే ఆగాడు.

"నారాయణ పాడిన తత్వాలు గదా బేటా? గిది గూడ ఇస్తున్నవా?"

"మా బాపు పాడినయే. ఆయన పోయి ఏడాదైంది. పాటలన్ని ఫోన్ల ఎక్కించిన చాచా, ఇంక డిస్కెందుకు?"

"స్టూడియోల మంచి మిషిన్ మీద చేయించిన డిస్కు. ఊపిరి తీస్కున్న సప్పుడు గూడ ఇనవడ్తది. ఒక్కపారి పెట్టి ఇను."

అరవింద్‌కు చిర్రెత్తింది. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే తనకు పాత సామాన్లాయన పాఠం చెప్పడమా!

"నాకు నేర్పకు చాచా. తీస్కపోతే తీస్కపో, లేకుంటే పక్కన పెట్టు."

యాకూబ్ డిస్కును తువ్వాలలో చుట్టుకుని వెళ్లిపోయాడు. మంచినీళ్లు కావాలా అని కూడా అరవింద్ అడగలేదు.

మూడో రోజు తల్లి సత్యమ్మ బీబీపేటలోని చెల్లెలింటి నుంచి తిరిగొచ్చింది. పొద్దున్నే భర్త పాట వింటే తప్ప ఆమెకు చాయ్ గొంతు దిగదు. అరవింద్ ఫోన్లో పెట్టాడు.

ఆమె కాసేపు విని, గ్లాసు కింద పెట్టేసింది.

"పాట ఉన్నది గని మీ బాపు లేడు బిడ్డా."

"అదే పాట అమ్మా. ఇంక సాఫ్ జేసిన. మొదట్ల ఒక నిమిషం పాట లేక ఖాళీగ ఉంటే, ఇనకుంటనే కోసేసిన."

"ఖాళీ అని ఎవలు జెప్పిన్రు? డిస్కేది?"

అతడు చెప్పాడు. సత్యమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చాయ్ మాత్రం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు.

అరవింద్ బండి తీసి ఎల్లారెడ్డి దారి పట్టాడు. ఈపాటికి ఎవరి చేతికి పోయిందో, ఏ తుక్కులో కలిసిందో!

పాత సామాన్లు కొనే ముసలాయన కోసం అడిగితే, బస్టాండు వెనక 'యాకూబ్ రేడియో రిపేర్' అని రాసి ఉన్న షెడ్డు చూపించారు. ముసలాయన అతడిని చూడగానే లేచి, అలమారలోంచి తువ్వాల మూట తీశాడు.

"వస్తవని ఎర్కనే. ఎవ్వరికియ్యలే."

"ఆ రోజు నేనే తప్పు మాట్లాడిన చాచా."

"జానేదో బేటా, పోనియ్యి. నా తాన గూడ గిసువంటిదే ఒకటుండె. మొన్నటి వానలకు షెడ్డుల నీళ్లొచ్చి ఖరాబైంది. ఈ నాలుగు రోజులు కడుపునిండ ఇన్న, చాలు. తీస్కపోయి మీ అమ్మకియ్యి."

అరవింద్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. దారి పొడవునా డిస్కును చొక్కా లోపలే పెట్టుకుని వచ్చాడు. అదృష్టం, ప్లేయర్‌ను ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

డిస్కు తిరిగింది. ముందు ఒక దగ్గు. కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరో వేళ్లతో మెల్లగా తాళం చూసుకుంటున్న చప్పుడు.

"వచ్చిండు" అంది సత్యమ్మ. నవ్వుతూ చాయ్ గ్లాసు అందుకుంది.

అరవింద్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు, తాను ఖాళీ అని కోసేసిన ఆ నిమిషంలోంచి, తండ్రి గొంతు నవ్వుతూ పలికింది: "ఢోలక్ అందుకో యాకూబన్నా, నువ్వు కొట్టకుంటే నాకు పాట యాడ వస్తది?"