సీతాలు మాయమైన మర్నాడు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. నానమ్మ గున్నమ్మ, అమ్మ శైలజ, పాతపట్నం నుంచి వచ్చిన మేనమామ మురళీమోహన్, పదో తరగతి పరీక్షలు రాసేసి ఊరికే కూర్చున్న యమున. ఉండవలసిన ఐదో మనిషి సీతాలు మాత్రం లేదు. నిన్న సాయంత్రం నాలుగున్నరకు పొయ్యి ముందు నుంచే మాయమైపోయింది.

సీతాలు చుట్టం కాదు, పొరుగింటావిడా కాదు. రోజూ నాలుగు గంటలకు ఫోనులో వచ్చే ‘నౌపడ నుంచి నిన్నటికి’ అనే ఆడియో నాటకంలో మనిషి.

ఆ కథేమిటంటే, ఉప్పుమళ్ళలో పనిచేసే బంగారయ్యకు నౌపడ స్టేషనులో కాలంలో వెనక్కి నడిచే రైలొకటి దొరికింది. అందులో నూరేళ్ళు వెనక్కి పోయి, తెల్లదొరల ఉప్పు పడవనొకదాన్ని రాకుండా ఆపేశాడు. అంతే, చరిత్ర అడ్డం తిరిగింది. దొరలు మూటాముల్లె సర్దుకుని ఓడెక్కేశారు. కోటబొమ్మాళి దేశానికి రాజధాని అయి కూర్చుంది. హైదరాబాదు వాళ్ళు ఉద్యోగాలకని ఇక్కడికొచ్చి, తమ యాసకు తామే సిగ్గుపడి, అద్దం ముందు నిలబడి “ఏటి? ఏటి?” అని నేర్చుకుంటున్నారు.

అంతా బాగానే ఉంది. కానీ ఆ పడవలో రావలసిన సీతాలు ముత్తాత కూడా రాలేదు. ఆయన రాకపోతే సీతాలు ఎక్కడినుంచి పుడుతుంది? పులుసు కలుపుతున్నదల్లా మొగుడు బంగారయ్య కళ్ళముందే గాలిలో కలిసిపోయింది. గరిటె ఒక్కటే కిందపడి మోగింది. నిన్నటి ఎపిసోడ్ అక్కడితో సరి.

అప్పటినుంచి గున్నమ్మ మెతుకు ముట్టలేదు. అసలే సుగరు మనిషి. మాత్ర వేయాలంటే ముందు ఏదో ఒకటి కడుపులో పడాలి. రాత్రి చోడి అంబలి గిన్నెలోనే చల్లారింది. పొద్దున్న ఇడ్లీ కాకుల పాలయింది. మధ్యాహ్నం రెండు దాటేసరికి ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి.

“సీతాలొస్తే తింతాను. లేదంటే లేదు,” అంది గున్నమ్మ.

“ఆ రాసినోడు నా కంటపడితే సీపురు తిరగేస్తాను,” అంది శైలజ కంచం పట్టుకుని.

“ఎవులో విశాఖలో రిటైరైన ఇంజినీరై ఉంటాడక్కా. పనీ పాటా లేదు,” అన్నాడు మురళీమోహన్. “కోటబొమ్మాళి రాజధాని అయిపోతే అంతమందికి తాగడానికి నీళ్ళెక్కడివి? ఆ ఆలోసనేటన్నా ఉన్నాదా?”

“ఆ గొంతొకటి! సీతాలు ఏడ్సినా రైలు నలభై నిమిషాలు లేటని సెప్పినట్టే ఉంటాది,” అంది శైలజ.

“అది మనిషి గొంతు కాదక్కా. రాసిచ్చింది ఫోనే సదివేస్తాది.”

“మరా రైలు సప్పుడో? అచ్చం మన మిక్సీయే. ఇన్నప్పుడల్లా కొబ్బరి పచ్చడి గుర్తొస్తాది నాకు.”

యమున నలుగురిలో నోరు తెరిస్తే చెవులు ఎర్రబడే పిల్ల. అయినా ఆ రోజు ఊరుకోలేకపోయింది. ఆ రాసినాయనకు చరిత్ర రాదంది. సైన్సు అసలే రాదంది. బంగారయ్య మాట్లాడుతుంటే పాఠ్యపుస్తకం లేచొచ్చి మాట్లాడినట్టుంటుందంది. చివరికి లెక్క చూస్తే అందరికన్నా ఎక్కువ తప్పులు తనే పట్టింది.

“సూసినావా, ఈ గుంటకి తెలిసినపాటి ఆ ఇంజినీరుకి తెల్దు,” అని మేనమామ మురిసిపోయాడు.

యమున ఒళ్ళోని డైరీ పక్కన పెట్టి, కంచం అందుకుని నానమ్మ పక్కన చేరింది.

“ఉత్త కథే కదా నానమ్మా. దానికి పస్తులేటి?”

గున్నమ్మ కంచాన్ని పక్కకు నెట్టింది.

“మీ తాతతోటి నలభై ఏళ్ళు కాపరం సేసినాను. ఏటన్నా ఎదురు మాటాడి ఎరగను. ఆ సీతాలు మొగుణ్ణెలాగ దులిపేస్తాదో ఇన్నావా? మొన్న ‘నీ రైలు తెచ్చి నా పొయ్యిలో ఎట్టుకుంటాను’ అన్నాది. నాను అనాల్సినవన్నీ అది అనేస్తన్నాది. ఇప్పుడు నా తరఫున మాటాడేదెవులు?”

యమున కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అంత మాట వస్తుందని ఆమె అనుకోలేదు.

“సీతాలు వచ్చేస్తాదిలే. తిను,” అంది మెల్లగా.

“నీకెవులు సెప్పినారు?”

“నాకలాగ అనిపిస్తంది.”

“నీకనిపిస్తే సరా? రాసినోడికి అనిపించాల.”

ఆ మాటతో యమునకు ఎక్కడలేని పౌరుషం పొడుచుకొచ్చింది.

“రాకపోతే మాత్రం తప్పేటి? ఏడిపించిన కథే గొప్ప కథని మా తెలుగు మేడం సెప్పినారు. సీతాలు మరి రాకపోతేనే అందరికీ గుర్తుండిపోతాది.”

“ఏడిపించడం గొప్పేటే? ఉల్లిపాయా ఏడిపిస్తాది!”

అంతసేపూ నీరసంతో వణికిన గున్నమ్మ ఒక్క ఊపున లేచింది. మనవరాలి రెక్క పట్టుకుని గుమ్మం దాటించింది.

“నువ్వూ ఆ ఇంజినీరూ ఒకలాటోళ్ళే. పో, బయట కూకో. నీ డైరీ కూడా అట్టుకుపో. సీతాలొచ్చినాకే నాను ఈ తలుపు తీస్తాను. అన్నమూ అప్పుడే తింతాను.”

తలుపు మొహం మీద ధడేలుమనగానే యమున అరుగు మీద చతికిలబడి, నాలుగింటి కోసం తను రాత్రే డైరీలో రాసి పెట్టుకున్న ఎపిసోడును నిలువునా కొట్టేసి, సీతాలు ముత్తాతను ఎక్కించడానికి ఇంకో పడవ వెతకడం మొదలుపెట్టింది.