హౌజ్ ఖాళీ అయ్యేది ఎన్నడు?

మా వకీలు బాపు కట్టుడు పళ్లు వాకిట్ల నీళ్ల హౌజ్‌ల పడ్డయి. పడగొట్టింది నేనే. పదకొండింటికి కోర్టుల పేషీ. హౌజ్ నిలువులోతు, ఇంట్ల ఎవ్వరికీ ఈత రాదు.

కోర్టుల అనాల్సిన "హుజూర్"ను బాపు బోసినోటితోని అని చూసిండు. "ఉఊఊ" అని గాలొచ్చింది. ఆ గాలికి మా హుస్సేనీ ఆలం పావురాలన్నీ ధూల్‌పేట్‌కు మకాం మార్చినయి.

తోట చూసే బాబూమియా తూము ఇప్పిండు. "ఎన్నింటికి ఖాళీ అయితది, బియస్సీ సాబ్?"

గోడ మీద బొగ్గుతోని డిఫరెన్షియల్ ఈక్వేషన్ రాసిన. "నీళ్లు తగ్గినకొద్దీ ధార సన్నబడ్తది, భాయ్. గట్ల సన్నబడుకుంట, సన్నబడుకుంట... హౌజ్ ఎన్నటికీ ఖాళీ కాదు!"

"అంటే పర్సోం."

మా దిక్కు పర్సోం అంటే ఎల్లుండి కావచ్చు, ఖయామత్ రోజు కావచ్చు.

బాపు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. నీళ్లు మోకాళ్ల దాకా ఎప్పుడొస్తయి, బేటా?" అని బాబూమియా నన్ను అడిగిండు.

లెక్కేసిన. "పదింటికి."

"బస్!"

నేను సున్న కోసం చూస్తున్న, ఆయనకు మోకాళ్లు సాలు. సరిగ్గ పదింటికి పైజామా మడిచి దిగి, పళ్లు తెచ్చిండు.

బాపు కడిగి పెట్టుకొని, నా దిక్కు చూసి, అక్షరం పోకుండ అడిగిండు: "నువ్వు పాసయ్యేది ఎన్నడ్రా?"

నాకంటె ముందు బాబూమియా చెప్పిండు: "పర్సోం, సాబ్."