దొంగలున్నాయి

ఉదయం ఆరుంపావుకు టీచరమ్మ పెరటి కంచె మీదుగా ఒక చెయ్యి లోపలికి వచ్చింది. టమాటా మొక్కను గిల్లి వెళ్లిపోయింది.

టీచరమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. బయటికి వచ్చేసరికి సందులో ఎవరూ లేరు. మొక్క మొదట్లో రెండు చిగుళ్లు పడి ఉన్నాయి.

"ఏమండీ, ఎవడో మన మొక్కల్ని గిల్లుతున్నాడు."

"కాయలు కోశాడా?" భర్త పేపర్లోంచి తల ఎత్తలేదు.

"కాయలెక్కడివి? ఇంకా పూతే కదా."

"మరి గిల్లి ఏం చేసుకుంటాడే?"

"అదే నాకూ అర్థం కావడం లేదు."

పెరట్లో బెండ, వంగ, బీర ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ రాలేదు. టమాటా మొక్కలు ఎనిమిది. ఆ గింజలు అక్క పంపింది. చెప్పకుండా పెళ్లి చేసుకుని ఇల్లు వదిలిన ఇరవై రెండేళ్లకు, చనిపోయే ముందు, పోస్టులో. కవరు మీద చిరునామా లేదు. లోపల ఒక్క ముక్క రాసింది: "చెల్లీ, ఇవే మిగిలాయి. విత్తనం పోనివ్వకు."

మర్నాడు మళ్లీ రెండు చిగుళ్లు పడి ఉన్నాయి.

మూడోరోజు కంచె తీగకు చీటీ గుచ్చి ఉంది. పెన్సిల్ రాత.

"మీ మడిలో దొంగలున్నాయి. చిన్నప్పుడే గిల్లెయ్యాలి."

టీచరమ్మ ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైంది. ఎర్ర పెన్ను తీసి 'యి' చుట్టూ సున్నా చుట్టింది. పక్కన 'రు' అని రాసింది. ఆ తర్వాత భయపడింది.

"దొంగలున్నారు అని రాయడం కూడా రానివాడు మనల్ని బెదిరిస్తున్నాడండీ."

"చిన్నప్పుడే గిల్లడమేంటే? మనింట్లో చిన్నవాళ్లెవరు?"

పక్కింటి పిన్నిగారు చీటీ చదివి గొంతు తగ్గించింది. "ఇది ముఠా పని తల్లీ. ముందు చీటీలు పెడతారు. తర్వాత తాళాలు పగలగొడతారు."

"ఎక్కడైనా జరిగిందా పిన్నిగారూ?"

"జరక్కపోతే నేనెందుకంటాను?"

నాలుగోరోజు ఆరింటికే ముగ్గురూ కంచె పక్కన బీర పందిరి చాటున కూర్చున్నారు.

చెయ్యి వచ్చింది. టీచరమ్మ మణికట్టు పట్టుకుంది.

అరవై దాటిన మనిషి. భుజాన సంచి. వేళ్లకు పసరు.

"దొంగల్ని తీస్తున్నానమ్మా," అన్నాడు.

"నువ్వే దొంగవి! నువ్వు దొంగల్ని తీసేదేంటి?"

"గిల్లి జోల పాడే రకం," అంది పిన్నిగారు.

"ఎవరయ్యా నువ్వు? ఏ ఊరు?" భర్త అడిగాడు.

ఆయన టీచరమ్మ ముఖంలోకి చూశాడు. చుట్టుపక్కల కిటికీలు తెరుచుకున్నాయి. తల దించుకున్నాడు.

"మొక్కలు చూసి పోదామని వచ్చానండీ. పండాక ఒక్క కాయ ఇప్పిస్తారా? విత్తనానికి. నా దగ్గర ఒక్క గింజా లేదు."

"అదీ సంగతి! ఇక్కణ్నుంచి గింజ బయటికి పోదు. మళ్లీ ఈ సందులో కనిపిస్తే పోలీసులకు చెప్తాను."

"వద్దులెండమ్మా," అన్నాడాయన.

మర్నాటి నుంచి చెయ్యి రాలేదు.

ఆరు వారాలకు కంచె పక్క మూడు మొక్కలు నిలువుగా పెరిగి గుత్తులు వేశాయి. లోపలి వరసలో ఐదూ పొదలయ్యాయి. వాటి పూత రాలిపోయింది. టీచరమ్మ నర్సరీ అతన్ని పిలిచింది.

అతను వంగి ఆకులు తప్పించి చూశాడు.

"వీటిల్లో దొంగలున్నాయి టీచరమ్మా."

"ఏమన్నావు?"

"దొంగ కొమ్మలండీ. ఆకు రెమ్మకీ కాండానికీ సందులో మొలుస్తాయి. బలమంతా అవే తినేస్తాయి. మేం ఉత్త దొంగలనే అంటాం. చిన్నప్పుడే గిల్లెయ్యాలి. ఆ మూడింటికీ ఎవరో తెలిసినవాళ్లే గిల్లారు."

భర్త కంచె దగ్గరికి వెళ్లి చెయ్యి చాచి చూశాడు. సందులోంచి అందేవి ఆ మూడే.

టీచరమ్మ చీటీ వెతికి తీసింది. తను రాసిన 'రు' కొట్టేసింది.

మొదట పండిన కాయను రుమాల్లో చుట్టుకుని బయల్దేరింది. సందు చివర కిరాణా కొట్టతనికి సంచి మనిషి గుర్తున్నాడు. బస్టాండు పక్క లాడ్జిలో దిగాడని చెప్పాడు.

లాడ్జి గుమాస్తా రిజిస్టరులో వెనక్కి తిప్పాడు.

"ఖాళీ చేసి ఆరు వారాలైందమ్మా. నాలుగు రోజులే ఉన్నాడు. మీకేమవుతాడు?"

"ఏమీ కాడు. ఈ కాయ ఇద్దామని."

గుమాస్తా రిజిస్టరును ఆమె వైపు జరిపాడు. చీటీలో ఉన్న రాతే. చిరునామా గడిలో అడ్డగీత ఉంది.

'వచ్చిన పని' అన్న గడిలో ఇలా ఉంది: "మరదలినీ, మొక్కలనూ చూసి పోవడానికి."