ఊరు పెట్టిన పేరు

శనివారంలోగా బొట్టు పెట్టుకోవాలి, లేదా ఇల్లు విడిచి పోవాలి. పొదటూరుపేట నేతవీధి పెద్దలు కలైవాణికి పెట్టిన గడువు అది.

ఆ వీధిలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు లేరు. 'వేదక్కారి' అంటున్నారు. కిరస్తానీలను అరవంలో అనే మాట. రెండు నెలల కింద మొగుణ్ణి చూసి వస్తానని పట్టాభిరామ్ అనే ఊరికి వెళ్ళింది. నాలుగు రోజులకు బొట్టు లేని మొహంతో బస్సు దిగింది. అక్కడెవరో పట్టుకుని మతం మార్చేశారని వీధి మొదట్లో పుట్టిన మాట, వీధి చివరకు చేరేసరికి ఏటిలో ముంచి తీశారని కూడా అయింది. లోకం నోటికి మూత ఎక్కడుంది?

కలైవాణి కాదనలేదు. ఔననీ అనలేదు. వంచిన తల ఎత్తకుండా నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చుంది.

అత్త తిరుమలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఎండాకాలంలోనే ఆమె గుండెకు స్టెంటు వేశారు. పూటపూటకూ మాత్రలు. చెయ్యి పట్టుకుంటేగాని లేవలేదు. కోడలు తప్ప చూసే దిక్కు లేదు. ఆ కోడలిచ్చిన మాత్ర మింగుతూనే ఆ కోడల్ని తిట్టేది. పట్టాభిరామ్‌లో లేత్ పని చేసే కొడుకు దేవేంద్రన్ ప్రతి శనివారం వచ్చేవాడు, ఇప్పుడు రావడం లేదు. కంపెనీవాళ్ళు గుజరాత్ పంపారని కలైవాణి చెప్పింది. ముసలామె ఒక్క ముక్క నమ్మలేదు.

"నీ మొగం చూడలేకనే వాడు ఇంటికి రాలేదు. ఫోన్ గూడా ఎత్తలేదు. సిగ్గుతో తల యాడ పెట్టుకున్నాడో నా బిడ్డ" అంది ఒకరోజు.

కలైవాణి లోపలికి వెళ్ళి గంజి కాచింది.

నిజానికి వీధి ఆ పేరు పెట్టాకే ఆమె ఆదివారాలు తిరుత్తణిలో ప్రార్థన జరిగే రేకుల షెడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ ఎంత గట్టిగా ఏడ్చినా ఎందుకని అడిగేవాళ్ళు లేరు. చాలామంది ఏడుస్తూనే ఉంటారు.

ఒకసారి పాస్టరయ్యే పలకరించాడు. బాప్తిస్మం తీసుకుంటావా అమ్మా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అవేవీ లేకుండానే వీధి తనకు ఆ పేరు పెట్టేసిందని చెప్పింది. ఆయన నవ్వలేదు. అసలు క్రైస్తవులన్న పేరే ఎవరూ తమకు తాము పెట్టుకున్నది కాదన్నాడు. మొదట్లో శిష్యులు ఒకరినొకరు అన్నా, తమ్ముడా అనే పిలుచుకునేవాళ్ళట. అంతియొకయ అనే పట్నంలో బయటివాళ్ళు చూసి, వీళ్ళు క్రీస్తు మనుషులు అన్నారట. ఎగతాళికే అని ఉంటారు అన్నాడాయన.

"వాళ్ళు ఆ పేరు వద్దనలేదా అయ్యా?"

"వద్దంటే విడిచిపెట్టేవాళ్ళేమో. ప్రాణం మీదికి వచ్చినా ఔననే అన్నారమ్మా."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా ఆమె ఆ మాటే తలుచుకుంది.

శనివారం వచ్చింది. వీధి పెద్ద వెంకటముని, ఇంకో ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. తిరుమలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు కుంకుమ పళ్ళెం పెట్టారు. వెంకటముని చెడ్డవాడు కాదు. కేకలు వేయలేదు, నచ్చజెప్పాడు.

"డాక్టరు ఏం చెప్పినాడు అమ్మాయ్? మీ అత్త మనసుకు కష్టం రానీయొద్దన్నాడు గదా. వేలితో ఇంత తీసి పెట్టుకో. అంతటితో పోతుంది."

నిజమే, అంతే. కలైవాణి వంగి వేలు కుంకుమలో అద్దింది. వేలు నుదుటిదాకా లేచింది. అత్త కళ్ళలో ఆశ కనిపించింది. ఆ కళ్ళ కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడగలదు. ఈ ఒక్కటీ ఆమె చేత కాలేదు. వేలిని కొంగుకు తుడిచేసుకుంది.

"నేను వేదక్కారినే మామా. పెట్టుకోలేను."

వెంకటముని కుంకుమ పళ్ళెం పక్కకు జరిపాడు. తిరుమలమ్మను తన ఇంటావిడ చూసుకుంటుందని అన్నాడు. కలైవాణి ఆవిడకు పొద్దుటి మాత్రలేవో, రాత్రి మాత్రలేవో రెండుసార్లు చూపించింది. రెండు చీరలు సంచిలో పెట్టుకుని అత్త ముందు నిలబడింది. ముసలామె మొహం తిప్పుకుంది.

"నా కొడుకు వచ్చి పిలిస్తే రా. అంతదాకా ఈ గడప తొక్కొద్దు."

"సరే అత్తా" అంది కలైవాణి.

పట్టాభిరామ్‌లో పట్టాలు దాటబోయి రైలు కింద పడ్డ దేవేంద్రన్‌కు తన చేత్తోనే కొరివి పెట్టి వచ్చి రెండు నెలలైందని ఆ తల్లితో చెప్పడానికి, గడప దాటేటప్పుడు కూడా ఆమెకు నోరు రాలేదు.